అప్పగింత

ఆ వానాకాలం మా అమ్మ దేవుడితో మాట్లాడటం మానేసింది.

మాట్లాడటం అనే అంటున్నాను, ప్రార్థన అనటం లేదు. అమ్మ చేసేది ప్రార్థనలా ఉండేది కాదు మరి. పొద్దున లేస్తూనే వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఆయనతో లోకాభిరామాయణం మొదలుపెట్టేది. "దేవుడా, గ్యాసు అయిపోవచ్చింది, ఈ వారం ఎలాగోలా గట్టెక్కించు. ఈయనకి దగ్గు తగ్గలేదు, చూస్తున్నావా? అన్నీ నేనే గుర్తుచెయ్యాలి నీకు." గోడవతల మనిషితో చెప్పినట్టే చెప్పేది. మధ్యలో జవాబు కోసం ఆగేది కూడా. తర్వాత "సరే అయితే, నీ ఇష్టం" అని పొయ్యి వెలిగించేది.

నాన్న స్కూలు వ్యాను డ్రైవరు. ఆయనకు దేవుడి మీద నమ్మకమూ లేదు, కోపమూ లేదు. "మీ అమ్మ ఫోను చేస్తూనే ఉంది, అవతల ఎత్తేవాళ్ళు లేరు" అని నాకు కన్నుగీటేవాడు. అమ్మ వినీ విననట్టు ఊరుకునేది. ఆ విషయంలో వాళ్ళిద్దరికీ ఏనాడూ మాటా మాటా రాలేదు. పోట్లాడుకోవడానికి వేరే విషయాలు బోలెడుండేవి.

అమ్మ యూనిఫారాలు కుట్టే హాల్లో పనిచేసేది. బడులు తెరిచేశారు, ఆర్డర్లు ఇంకా తెమలలేదు, అందరికీ ఊపిరి సలపని పని. పొడవాటి రేకుల షెడ్డు, రెండు వరసల మెషీన్లు, మధ్యలో కటింగ్ టేబులు. అమ్మది కాలర్ల పని. ఆమె మెషీను వెనక గోడ పక్కన, కిటికీ కింద. తెల్ల గుడ్డ మీద తెల్ల దారం కనబడాలంటే వెలుతురు ఉండాలి కదా, అందుకని పట్టుబట్టి మరీ ఆ చోటు సంపాదించుకుంది. గోడకు అవతల ఎవరిదో గోడౌను. వానలు మొదలయ్యాక వాళ్ళు బస్తాలన్నీ తెచ్చి ఆ గోడకు ఆనించి పైదాకా పేర్చారు. గోడ చెమ్మ పట్టి ఇవతలికి ఉబ్బింది. ఆడవాళ్ళు ఓనర్ని పిలిచి చూపించారు. ఆయన అరచేత్తో గోడను రెండుసార్లు తట్టి, "వానలు తగ్గనివ్వండమ్మా, చూద్దాం" అన్నాడు.

మా మేడమీద గదిలో పిన్ని ఉండేది. సొంత పిన్ని కాదు. అద్దెకు దిగిన రోజునే అమ్మను "అక్కా" అని పిలిచి రెండు బకెట్ల నీళ్ళు అడిగింది, అంతే, నాకు పిన్ని అయిపోయింది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి మడతలు పెట్టే ఉద్యోగం. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కతే కూతురు. ఆ పిల్లను మేమందరం గలగల అనేవాళ్ళం. అసలు పేరు పెట్టి పిలిస్తే "ఎవర్నీ?" అన్నట్టు చూసేది. మెట్లు దిగుతూ మొదలుపెట్టిన మాట వీధి చివర దాకా తెగేది కాదు. చదువు ఆగిపోగానే అమ్మే వెంటబెట్టుకుని తీసుకెళ్ళి హాల్లో కఫ్‌లు కుట్టే పనిలో పెట్టించింది.

"పెద్దమ్మా, పొద్దున్నే మాట్లాడతావు కదా, నా ఓవర్‌టైం సంగతి కూడా ఆయన చెవిన వెయ్యి. నేను చెప్తే నవ్వి ఊరుకుంటాడు" అనేది అమ్మతో.

"నువ్వు ఆపితే కదే ఆయన మాట్లాడేది!" అనేది అమ్మ.

ఆ రోజు అన్నాలు తిన్నాక గలగల మెషీనుకు బెల్టు తెగింది. మెకానిక్కు వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడం ఎందుకని అమ్మ లేచి, "నా దాని మీద కుట్టుకో, ఈలోపు నేను మొహం కడుక్కొస్తా" అంది. బయట కుళాయి దగ్గర దోసిట్లోకి నీళ్ళు పట్టుకుంటుండగా వెనక గోడ కూలింది. బస్తాలతో సహా.

నేనప్పుడు కళ్ళద్దాల షాపులో పనిచేస్తున్నాను. కబురు తెలిసి ఆస్పత్రికి పరుగెత్తేసరికి వరండాలో బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది. జుట్టంతా సున్నం, ఒంటి మీద ఒక్క గీత లేదు. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టేసుకుంది.

"అందర్నీ తీశారే. గలగలని ముందు బండిలోనే తీసుకొచ్చేశారు, లోపలుంది" అంది. "అప్పుడే మొహం కడుక్కోవాలని నాకెందుకు అనిపించాలి చెప్పు? రోజూ కడుక్కుంటానా ఆ టైములో? ఆయనే లేపాడు నన్ను. చెయ్యి పట్టి లేపాడు. దేవుడా, నీ మేలు ఈ జన్మకి మర్చిపోను తండ్రీ."

గట్టిగానే అంది. వరండాలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వాళ్ళలో పిన్ని కూడా ఉంది. చేతుల్లో దుప్పట్ల దొంతర, గడ్డం దాకా. వార్డుకు ఇవ్వడానికి వచ్చినట్టుంది. ఆమెకు ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

"అయ్యో, ఏమైందక్కా? ఏంటీ అవతారం?"

అమ్మ గోడ సంగతి చెప్పింది. కుళాయి సంగతి చెప్పింది.

"నిజమే అక్కా, దేవుడే" అంది పిన్ని. తర్వాత, "మరి మా పిల్లేది?"

"లోపలుంది. ముందే తెచ్చారు."

పిన్ని దొంతరను బెంచీ మీద అమ్మ పక్కన పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. కంగారేమీ పడలేదు. రోజూ తిరిగే చోటు, ఎవర్ని అడగాలో తెలుసు. కాసేపటికి లోపల్నుంచి ఒక నర్సు వచ్చింది. మా వంక చూడకుండా ఆ దొంతరలో పై దుప్పటి తీసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళింది. అమ్మ ఆ నర్సు వీపు వంక చూస్తూ ఉండిపోయింది. నా చేతులు వదిలేసింది.

మర్నాటి నుంచి మా వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

మొదట్లో బెంగ అనుకున్నాం. దానంతటదే పోతుందనుకున్నాం. కానీ అమ్మ తిండి తింటోంది, బట్టలు ఉతుకుతోంది, అడిగినదానికి జవాబు చెప్తోంది. ఆ ఒక్క మాటే లేదు. ఒక రోజు పాలు పొంగిపోతుంటే అలవాటుకొద్దీ "దేవు..." అని నాలిక్కరుచుకుని, పొయ్యి కట్టేసి, గట్టు తుడవటం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

పెద్దమామయ్య పరామర్శకు వచ్చాడు. అమ్మకు అన్నయ్య, రిటైరైన మాస్టారు, నాలుగు మంచి మాటలు చెప్పగలడని బంధువుల్లో పేరు. మేడమీదకు మేమందరం ఆయన వెంట వెళ్ళాం. పిన్ని ఆయనకు కుర్చీ వేసి తను మంచం పట్టె మీద కూర్చుంది.

"ఆయన లెక్కలు మనకందవు తల్లీ" అన్నాడు మామయ్య. "మంచివాళ్ళని ఆయన తొందరగా పిలిపించుకుంటాడు."

పిన్ని ఆ మాట గురించి నిజంగానే ఆలోచించింది. "మరి మీరింకా ఇక్కడే ఉన్నారేంటి అన్నయ్యగారూ?" అంది.

వెటకారం కాదు. తెలీక అడిగింది. మామయ్య కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాన్నకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో గాని కిటికీ వైపు తిరిగాడు.

మామయ్య వదల్లేదు. కష్టం మనిషికి పరీక్ష అన్నాడు. "పరీక్ష నాకైతే దాన్నెందుకు కూర్చోబెట్టారు?" అంది పిన్ని. మంచీ చెడూ ఎంచుకునే స్వేచ్ఛ మనుషులకిచ్చాడు, అందువల్ల ఇలాంటివి జరుగుతుంటాయి అన్నాడు. ఈ మాట నాకు కాస్త నయమనిపించింది. నాన్నకు కూడా అనిపించినట్టుంది, ఇటు తిరిగాడు.

"అదీ! చేసింది మనుషులమ్మా. బస్తాలు పేర్చినవాడూ, చూద్దాం అన్న ఆ ఓనరూ. తిడితే వాణ్ణి తిట్టు. లేని దేవుణ్ణి పట్టుకుని ఎందుకు?"

పిన్ని నాన్న వంక చూసి, "ఓనరు మంచివాడని నేనెప్పుడూ అనుకోలేదు బావా" అంది. "అందుకే ఆయన మీద నాకు సందేహమేం లేదు. అలాంటివాడు అలాగే చేస్తాడు. మంచివాడని అందరూ అన్నది ఈ దేవుణ్ణి."

గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ అమ్మ గోడకు దూరంగా జరిగింది. మెట్లు దిగేటప్పుడు మామయ్య నా భుజం పట్టుకుని, "ఇన్నేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను, ఇలా అడిగినవాళ్ళు లేరే" అని గొణిగాడు. టీ కూడా తాగకుండా వానలోనే వెళ్ళిపోయాడు.

ఓనర్ని పోలీసులు తీసుకెళ్ళారు, మళ్ళీ వదిలారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. అది వేరే కథ.

నాకేమో ఎవరి మాట వింటే వాళ్ళదే నిజమనిపించేది. షాపులో కూర్చుని ఎవరికో అద్దాలు బిగిస్తూ, దేవుడు ఉన్నాడు, మంచివాడే, కానీ చేతకాలేదేమో అనుకునేదాన్ని. చేతకానివాడు దేవుడేంటి అని నాకే మళ్ళీ అనిపించేది. పోనీ చేతనైనవాడే అనుకుంటే, ఒకర్ని లేపి ఇంకొకర్ని కూర్చోబెట్టినవాడి ముందు చేతులు ఎలా జోడించాలి? అసలు లేనే లేడనుకుంటే అంతా తేలిపోయేది. కానీ అలా అనుకున్న రోజు ఇంటికెళ్ళి అమ్మను చూస్తే ఆ మాటా నిలిచేది కాదు. ఈ మనిషి నా ముందు నిలబడి చారులో ఉప్పు చూస్తోందంటే, ఎవరూ ఏమీ అనుకోకుండా, ఊరికే, నీళ్ళ కుళాయి కొంచెం ముందు గుర్తుకు రావడం వల్లనేనా? దాన్ని తట్టుకోవడం కూడా తేలిక కాదు.

నాన్న సంగతి ఇంకా విచిత్రం. ఒక పొద్దున నేను లేచేసరికి వంటింట్లో మాటలు వినబడ్డాయి. అమ్మ మళ్ళీ మొదలుపెట్టిందనుకుని ఆశగా వెళ్ళాను. చూస్తే అమ్మ లేదు. నాన్న ఒక్కడే, వ్యాను తాళాలు చేతిలో పట్టుకుని, పైకప్పు వంక చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ఇదిగో... ఏమండీ... నేనూ..." అంటున్నాడు. ఎలా పిలవాలో తెలియటం లేదు. గొంతు సవరించుకున్నాడు. "మా ఆవిడ విషయంలో చాలా థాంక్సండీ."

నా వెనక పెరటి తలుపులో అమ్మ ఉందని నాకప్పుడు తెలిసింది. ఉతికిన బట్టల బకెట్టు కింద పెట్టి లోపలికి వచ్చింది.

"ఎవరికి చెప్తున్నావు?"

నాన్న దొంగతనం చేస్తూ పట్టుబడ్డవాడిలా నిలబడ్డాడు. "ఎవరికీ లేదు."

"నా కుర్చీలో కూర్చున్న పిల్ల పోతే థాంక్సా? దాని అమ్మ నెత్తి మీద, ఈ కప్పుకి పైన పడుకుని ఉంటే, ఇక్కడ నిలబడి థాంక్స్ చెప్తావా? నమ్మేదాన్ని నేనే నోరు మూసుకున్నాను. నీకేంటి మధ్యలో?"

"నమ్మటం లేదు" అన్నాడు నాన్న. "ఇప్పటికీ నమ్మటం లేదు."

"మరి?"

"నువ్వు బతికావు." తాళాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "రోజూ పొద్దున లేచి పక్కకి చూస్తాను, ఉంటావు. నాకు సంతోషంగా ఉంటుంది. మేడమీద ఆవిడని తలుచుకుంటే సిగ్గేస్తుంది, అయినా సంతోషంగానే ఉంటుంది. ఈ సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీటం లేదే. వ్యాన్లో పిల్లలుంటారు, వాళ్ళకి చెప్పలేను. నీకు చెప్తే ఏడుస్తావు. ఎవరో ఒకరికి చెప్పెయ్యాలి కదా."

అమ్మ బకెట్టు తీసుకుని మళ్ళీ పెరట్లోకి వెళ్ళింది. వానలో బట్టలు ఆరెయ్యరని కూడా గుర్తులేదు. తీగ మీద ఒక్కొక్కటే వేస్తూ పోయింది, అవి మళ్ళీ తడుస్తూనే ఉన్నాయి. నాన్న తాళాలతో కాసేపు నిలబడి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

వానాకాలం చివరికొచ్చింది. ఓనరు తమ్ముడు ఇంకో వీధిలో హాలు తెరిచాడు. అమ్మను రమ్మని కబురు పెట్టారు, ఆమె ఇంకా ఎటూ చెప్పలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ముసురు పట్టి ఇల్లంతా మసకగా ఉంది. నేను నేల మీద కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. పిన్ని మెట్లు దిగి వచ్చింది. ఆ సంఘటన తర్వాత ఆమె మా గడప తొక్కడం అదే మొదటిసారి. అమ్మ గభాలున లేచి నిలబడింది.

"కూర్చో అక్కా" అంది పిన్ని. తనూ కూర్చుంది. చెప్పదల్చుకున్నది దారిలోనే కూడబలుక్కున్నట్టుంది, నేరుగా మొదలుపెట్టింది. "పొద్దునపూట నీ గొంతు పైకి వినబడేది. నేను మంచంలోనే ఉండి వినేదాన్ని. ఈ మధ్య వినబడటం లేదు."

అమ్మ తలదించుకుంది. "నిన్ను పెట్టుకుని ఏ నోటితో మాట్లాడమంటావు చెల్లీ?"

"నా కోసమే మానేశావా?"

"నీ కోసమా, నా కోసమా, తెలీదు. నోరు తెరిస్తే థాంక్స్ వస్తుందేమోనని భయం. లేకపోతే బూతులొస్తాయేమోనని భయం."

"నువ్వు మానేస్తే నాకెలా అక్కా?" అంది పిన్ని. "నాకు ఆయనతో పరిచయం లేదు. నేనెప్పుడూ నమ్మిందీ లేదు, నమ్మకపోయిందీ లేదు. ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో ఉంది అంటే ఆయన దగ్గరే ఉండాలి. ఆయన లేడంటే నా పిల్ల ఎక్కడా లేనట్టే కదా. ఆయన మంచివాడు కాకపోతే, అలాంటివాడి దగ్గర ఉంది. ఎటు తిప్పి చూసినా నాకు నిద్ర పట్టటం లేదు. నీకు తెలిసినవాడు కదా. ఒకసారి అడుగు, ఎలా ఉందో."

అమ్మ నా వంక చూసింది. నేనేం చెప్తాను? సూది దారం వదిలేశాను, అంతే.

అమ్మ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి. "దేవుడా" అంది. చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. మళ్ళీ "దేవుడా" అంది. "రావటం లేదే" అని చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. ఆస్పత్రిలో కూడా ఏడవని మనిషి.

పిన్ని ఆమె వీపు నిమురుతూ కాసేపు కూర్చుంది. తర్వాత తనే తల పైకెత్తింది. ఎటు చూడాలో తెలియక, మా గోడ మీద కరెంటు మీటరు కేసి చూస్తూ మాట్లాడింది.

"ఇదిగో, వినబడుతోందా? నువ్వు మంచివాడివో కాదో నాకు తెలీదు. నీ మీద నాకేం నమ్మకం లేదు. కానీ పిల్ల నీ దగ్గరుంది కాబట్టి చెప్తున్నా. దానికి చీకటంటే భయం. లైటు తియ్యకు. పైకి చెప్పదు గానీ భయం. పొద్దున లేవగానే పలకరించకు, చిరాకుపడుతుంది. ఒక గంట ఆగు, తర్వాత అదే మాట్లాడుతుంది, నువ్వు ఆపమన్నా ఆపదు. విసుక్కోకు. నేను చాలాసార్లు విసుక్కున్నాను. వంకాయ తింటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. పెట్టకు."

అమ్మ మొహం మీంచి చేతులు తీసింది. కళ్ళు తుడుచుకోకుండానే, కరెంటు మీటరు వైపే చూస్తూ, "చెవి పోటు కూడా ఉంది దానికి" అంది. "చలిగాలి తగలనివ్వకు. తలకి ఏదన్నా చుట్టుకోమను. వినదు. నువ్వే చుట్టు."

"అవును, చెవి మర్చిపోయాను" అంది పిన్ని.

గుమ్మంలో నాన్న ఉన్నాడు. వ్యాను కడిగి వచ్చినట్టున్నాడు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, కాళ్ళు బురద. ఎప్పటినుంచి నిలబడ్డాడో తెలీదు. లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే ఉన్నాడు.

"బండి ఎక్కితే కళ్ళు తిరుగుతాయి ఆ పిల్లకి" అన్నాడు. మాతో అనలేదు. మీటరుతోనే అన్నాడు. "ఎక్కడికన్నా తీసుకెళ్తే ముందు సీట్లో కూర్చోబెట్టండి. అద్దం దించి."

ఎవరూ నవ్వలేదు. పిన్ని ఆ మాటకు తల ఊపింది, సరిగ్గా చెప్పావన్నట్టు. ఇంకేమన్నా మిగిలిపోయిందా అని ముగ్గురూ ఆలోచిస్తున్నారు. నాకు చెప్పాల్సినవి గుర్తొస్తున్నాయి, ఒకటి కాదు, పది. ఎవరికి చెప్తున్నానో తెలియకుండా నోరు విప్పడం ఎలాగో నాకు చేతకాలేదు.

పిన్ని లేచి, "పొద్దున్నే డ్యూటీ ఉంది" అని మెట్లెక్కింది. సగంలో ఆగి, "అక్కా, రేపట్నుంచి కాస్త గట్టిగా మాట్లాడు. ఏం మాట్లాడినా సరే" అంది.

అమ్మ లేచింది. నాన్న కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.